చిటికెడు తుపాకి మందు

మా ఇంట్లో తుపాకి మందు బియ్యం కుండలో ఉండేది. అంతకంటే పొడిగా ఉండే చోటు ఆ రబ్బరు తోటలో మరొకటి లేదు మరి. మలయాలో సుంగై సిపుట్ అనే ఊరు దాటి చాలా లోపలికి వెళ్తే మా తోట. ఏడాదిలో ఎక్కువ రోజులు వానే. గోడలకు చెమ్మ, బట్టలకు చెమ్మ, చివరికి అగ్గిపెట్టెకు కూడా చెమ్మ. నేను కోడలిగా వెళ్ళేసరికి, అడవిలోని కమ్యూనిస్టులను అణచడానికి తెల్లవాళ్ళ ప్రభుత్వం పెట్టిన ఎమర్జెన్సీ మొదలై ఏడాది అయింది. కూలీల ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేసి, సాయంత్రం కాగానే గేటు మూసేవారు. అడవిలోకి చేరకుండా బియ్యం కొలిచి ఇచ్చేవారు. తుపాకి మందైతే అంతకంటే పిసినారితనంగా ఇచ్చేవారు.

తుపాకి మామయ్య చేతిలో ఉండేదే గానీ ఆయనది కాదు, తోటది. గొట్టం మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, సీసం గుళ్ళు వేసి, గజం అనే ఇనుప కడ్డీతో దట్టించి పేల్చే పాతకాలపు తుపాకి. కంచె బయట వాగు పక్కన మా అందరి కర్రపెండలం చేను ఉండేది. బియ్యం చాలనప్పుడు మాకు అదే అన్నం. అడవి పందులకూ అదే అన్నం. అందుకే దొర పోలీసులతో మాట్లాడి ఈ ఒక్క తుపాకికి అనుమతి తెచ్చాడు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులు ఎత్తుకుపోతారేమోనని పోలీసులు మొదట జంకారట.

"దీన్ని సూస్తే ఆళ్ళే నవ్వుకుని ఎల్లిపోతారు లా," అనేవాడు మా ఆయన, అక్కడివాళ్ళలాగే మాట చివర "లా" చేర్చి. నవ్వించడం ఆయనకు బాగా వచ్చు.

పోలీస్ స్టేషన్ నుంచి నెలకు ఒక డబ్బా మందు వచ్చేది, దానితోపాటు మందును అంటించే చిన్న రాగి టోపీలు కొన్ని. మొదట్లో డబ్బా నిండుగా వచ్చేది, తర్వాత సగమే వచ్చేది. సీసానికీ కరువే. చంపిన పందిని కోసేటప్పుడు మామయ్య పక్కన కూర్చుని మాంసంలోంచి గుళ్ళు ఏరేవాడు. తింటుంటే పంటి కింద పడినవాటిని మేం ఆకు పక్కన పెట్టి ఇచ్చేవాళ్ళం. వాటినీ, ఎవరివో పాత వలల సీసాన్నీ కరిగించి మళ్ళీ గుళ్ళు పోసేవాడు. రాగి టోపీలను తమలపాకుల పెట్టెలో గుడ్డ చుట్టి దాచేవాడు. పేలిపోయిన మందును మాత్రం ఎవరూ ఏరి తేలేరు కదా.

ఒక నెల డబ్బా అసలు రాలేదు. మామయ్య రోజంతా చేను గట్టు మీద కూర్చుని ఖాళీ కిరసనాయిలు డబ్బా వాయించాడు. ఆ డబ్బా వట్టి చప్పుడేనని మూడు రోజుల్లో పందులకు తెలిసిపోయింది. పట్టపగలే వచ్చి రెండు సాళ్ళు తవ్విపోశాయి. ఆయన ఇంటికొచ్చి తుపాకి మూలన పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా కూర్చున్నాడు. ఆ మొహం నేను మర్చిపోలేదు. ఆ తర్వాత నేను చేసిన పనికి మూలం అదే.

మందు కొలవడం నా పని. యుద్ధంలో జపానువాళ్ళు మలయాను ఏలిన కాలంలో మామయ్యను సయాం అడవుల్లో రైలు దారి వేసే పనికి పట్టుకుపోయారు. ప్రాణంతో తిరిగొచ్చాడు గానీ, చేతుల వణుకు ఆయనతోపాటే వచ్చింది. తుపాకిని కొమ్మ మీద ఆనిస్తే గురి తప్పదు. మందు పోయబోతే మాత్రం సగం నేలపాలు. అందుకని ఒక వెదురు గొట్టం ముక్క నా చేతికిచ్చాడు. దాంతో కొలిచి, ఒక్కో పేలుడికి ఒక్కో కాగితం పొట్లం కట్టి ఇవ్వాలి.

"అంచు దాకా పొయ్యాల అమ్మీ. తక్కువైతే పంది సావదు, దెబ్బ తిని తిరగబడతాది."

ఇంత స్పష్టంగా చెప్పాడు. నా చెవులు బాగానే ఉన్నాయి.

మా అత్త నోరు చెడ్డది, చెయ్యి మంచిది. ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచాక, అందులోంచి పిడికెడు తీసి వేరే ముంతలో వేసేది. కాపరానికి వెళ్ళిన మొదటి రోజే నాకు ఆ పని నేర్పింది. "తినేటోడికి తెలీకూడదు, లేని రోజుకి ఉండాల," అనేది. నెలాఖరున ఆ ముంతే మమ్మల్ని గట్టెక్కించేది. మందూ బియ్యమూ ఒకే కుండలో ఉండేవి, కొలిచేదాన్నీ నేనే. ఒక పొట్లం కడుతూ చిటికెడు మందు వెనక్కి తీశాను. తర్వాత ప్రతి పొట్లంలోంచీ తీశాను. తలనొప్పి మందు తాలూకు చిన్న రేకు డబ్బాలో వేసి, బియ్యం అడుగున దాచాను. మళ్ళీ మందు రాని నెల వస్తుంది, అప్పుడు ఆ డబ్బా తీసి మామయ్య ముందు పెడతాను, నా కోడలు ఎంత తెలివైనదో చూడండని ఆయన అందరికీ చెప్పుకుంటాడు. ఇదీ నా ఆశ. ఇరవై ఏళ్ళు నిండని దాన్ని. అప్పటిదాకా ఆ ఇంట్లో నన్ను మెచ్చుకున్నవాళ్ళు లేరు.

తుపాకి చప్పుడు తగ్గింది. మామయ్య గమనించాడు. "ఈ నెల మందుకి ఓపిక నేదు. సెమ్మ పట్టినట్టుంది," అన్నాడు. కొలత మాట ఎత్తలేదు, నన్ను అనుమానించడం ఆయనకు తోచలేదు. చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే మెప్పు పోయి తిట్లు మిగులుతాయని ఊరుకున్నాను. నా సిగ్గుమాలిన లెక్క అది.

ఒక మధ్యాహ్నం పెద్ద మగపంది చేలోకి దిగింది. మామయ్య గురి చూసి దాని భుజం మీద పేల్చాడు. అది మోకాళ్ళ మీద కూలింది. ఎప్పటిలాగే మా ఆయన పారాంగ్ కత్తి పట్టుకుని ముగించడానికి పరిగెత్తాడు. అది లేచింది. వాగు దగ్గర బట్టలు ఉతుకుతున్న నాకు ఆయన అరుపు వినిపించింది. కోర తొడలోకి పూర్తిగా దిగిపోయింది. లారీలో ఎక్కించారు. ఆస్పత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

మూడో రోజు తుపాకినీ మిగిలిన మందునూ తీసుకుపోవడానికి మలయ్ సార్జెంటు ఒకాయన వచ్చాడు. కుండ తెమ్మన్నాడు. బియ్యంలో చెయ్యిపెట్టి వెతికితే పెద్ద డబ్బాతోపాటు చిన్నదీ బయటపడింది. మూత తీసి, ఇదెక్కడిదని మలయ్‌లో అడిగాడు. లెక్కలో లేని మందు దొరికితే ఉరిదాకా పోయే రోజులు. మామయ్య డబ్బా వంక చూశాడు, నా వంక చూశాడు. ఆ ఒక్క చూపులో ఆయనకు అంతా అర్థమైపోయింది.

"సాయా పున్యా, తువాన్," అన్నాడు, అది నాదేనని. ఒక్కో పేలుడులోంచి తగ్గించి తానే దాచానన్నాడు.

సార్జెంటు పేలిన పొట్లాల లెక్క చూసుకుని, మొత్తం సరిపోవడంతో రెండు డబ్బాలూ ఒకటి చేసుకుని వెళ్ళిపోయాడు. గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది. ఆవిడకు మలయ్ వచ్చు.

"నీ పీనాసితనం నా కొడుకుని తినేసినాది," అంది. ఆవిడ ఆయనతో ఆడిన ఆఖరి మాట అది. ఆ రోజు నుంచి ఆయనకు అన్నం నేనే పెట్టాను.

ఒకసారి ధైర్యం చేసి, "మామయ్యా, అత్తకి నేను సెప్పేస్తాను," అన్నాను.

"ఊరుకో అమ్మీ," అన్నాడు. "నానెంతకాలం ఉంటాను? నువ్వింకా ఆమెతో బతకాల."

నేను ఊరుకున్నాను. ఆయన మంచితనం నా పిరికితనానికి పనికొచ్చింది. ఆరేళ్ళు ఆయన వరండాలో ఒంటరిగా తిని, ఒంటరిగా పడుకుని, మెర్డెకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, రావడానికి కొన్ని నెలల ముందు పోయాడు. ఆవిడ ఏడవలేదు.

మెర్డెకా రోజు పక్క కూలి ఇళ్ళ లైనులో బాణాసంచా కాల్చారు. మొదటి చప్పుడుకే అత్త ఉలిక్కిపడి పొయ్యి దగ్గరకొచ్చి కూర్చుంది. నేను బియ్యం కొలిచి ఎసట్లో పోయబోతున్నాను.

"పిడికెడు తియ్యవేటే? నా కొడుకు పోయిన కాణ్ణించి సూస్తున్నాను, నువ్వు తియ్యడం మానేసినావు," అంది.

ఇక దాచలేకపోయాను. పొట్లాలు, చిటికెడు మందు, రేకు డబ్బా, అన్నీ చెప్పాను. కొడతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆవిడ కదల్లేదు.

"ఎవులు నేర్పినారే నీకు?" అంది. ఆ మాట అన్నాక తన పిడికిలి వంక చూసుకుంది. ఎసరు మరిగి పొంగుతోంది, ఇద్దరిలో ఎవరమూ మూత తీయలేదు.

"ఆయనకి తెలుసా?"

"తెలుసు."

"ఆరేళ్ళు," అంది మా అత్త. "ఆరేళ్ళు నాను ఆయనకి అన్నం పెట్టనేదు."