మాటల్లేని సీజన్

నేను కబడ్డీ ఆడి బతుకుతాను. దాచేపల్లిలో మా వీధివాళ్ళతో ఈ మాట అంటే మొదట్లో "అది సరే, పనేం చేస్తావు?" అని అడిగేవాళ్ళు. టీవీలో చూపించడం మొదలయ్యాక ఆ ప్రశ్న మానేసి, "ఈసారి నువ్వు సరిగ్గా కనపళ్ళేదేంది?" అని అడుగుతున్నారు. కనపడకుండా ఉండడమే నా ఉద్యోగమని చెబితే వాళ్ళకు నచ్చదు.

నేను లెఫ్ట్ కార్నర్‌ని. ఏడుగురం వరసగా నిలబడితే ఎడమవైపు చిట్టచివర ఉండేవాణ్ణి. కూతకొచ్చినవాడు మా మూలకొచ్చి కాలు చాపినప్పుడు ఆ చీలమండ పట్టుకుని వదలకుండా ఉండాలి. చెప్పుకోవడానికి ఇంతే. వాడు రాకపోతే ఆటంతా నేను కొంచెం వంగి నిలబడతాను. అలా నిలబడ్డందుకు జీతం ఇస్తారు.

హైస్కూల్లో మా డ్రిల్లు మాస్టారు నన్ను ఈ స్థానానికి ఎంపిక చేశారు. ఎంపిక అంటే, నాకు దమ్ము లేదు. కూతకు వెళితే నడిగీత దాటకముందే ఊపిరి తెగిపోయేది. ఆయన విసిగిపోయి, "ఒరేయ్, నువ్వా మూలకి పోయి నిలబడరా, అడ్డం రాబాక" అన్నారు. పోయి నిలబడ్డాను. ఆ మూలకు ఎవరో కాలు చాపారు. పట్టుకున్నాను. అక్కడినుంచి జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, ఆ తర్వాత డబ్బిచ్చి ఆడించుకునే జట్టు. నేను మాత్రం మూల దాటి రాలేదు.

కార్నర్‌కి ఓపిక కావాలంటారు. నిజానికి కావలసింది మతిమరుపు. ముందు కదిలితే కూతకొచ్చినవాడు నన్ను తాకి వెళ్ళిపోతాడు. ఆలస్యంగా కదిలితే వాడి కాలు ఉన్నచోట గాలి దొరుకుతుంది. రెండింట్లో ఏది జరిగినా హాలు మొత్తానికీ తెలుస్తుంది. తెలియనివాళ్ళకు తెరమీద నెమ్మదిగా మళ్ళీ చూపిస్తారు. ఔటై బయటికెళ్ళి బెంచీ మీద కూర్చోవాలి. మనవాళ్ళు ఎవరైనా పాయింటు తెస్తే మళ్ళీ లోపలికి పిలుస్తారు. పిలిచేటప్పటికి జరిగింది మర్చిపోయి ఉండాలి. గుర్తుంటే రెండోసారీ అలాగే దొరికిపోతాం. మా కోచ్ హర్యానా మనిషి. నన్ను చూసినప్పుడల్లా "భూల్ జా" అనేవాడు. మర్చిపోవడానికి నేను ఎదురుగా ఉన్న ప్రకటనల బోర్డులు చదివేవాణ్ణి. పంపుసెట్లు, బనియన్లు, పైపులు. బాగా పనిచేసింది. ఇప్పుడు ఇంట్లో గ్యాస్ బుక్ చెయ్యమన్నా మర్చిపోతాను. అది వృత్తి వల్ల వచ్చిందంటే అమ్మ నమ్మదు.

మూలన ఉన్నవాడు ఒంటరిగా నిలబడడు. పక్కవాడి చెయ్యి పట్టుకుంటాడు. నా పక్కన నిలబడేది మాచర్ల మనిషి. నాకంటే కొంచెం పెద్దవాడు, అన్నా అనేవాణ్ణి. వాళ్ళ నాన్నకు మాచర్లలో ఎరువుల కొట్టు ఉంది. జిల్లా జట్టు నుంచీ నా కుడిచెయ్యి ఆయన ఎడమచేతిలోనే ఉంది. ఒకసారి నొక్కితే ఆగు. రెండుసార్లు నొక్కితే వెళ్ళు. మేమిద్దరం ఒకరికొకరు అలవాటుపడ్డామని తెలిసి, ఆ పెద్ద జట్టువాళ్ళు ఇద్దర్నీ కలిపి తీసుకున్నారు.

ఒక సీజన్ మొదట్లోనే మా ఇద్దరికీ గొడవైంది. ఒక ఆట ఆఖరి కూతలో మేం ఒక్క పాయింటు ముందున్నాం. అవతలివాడు మా మూలకొచ్చి కాలు చాపాడు. నేను చీలమండ పట్టుకున్నాను. వాడు నన్ను ఈడ్చుకుంటూ నడిగీత వైపు పోతుంటే మాచర్ల అన్న వాడి నడుం మీద పడ్డాడు. అంపైరు వాడు ఔటన్నాడు. అవతలి జట్టు రివ్యూ అడిగే అవకాశం అంతకుముందే వాడేసుకుంది. మేం గెలిచాం. స్కోరుబోర్డు మీద ఆ పాయింటు మాచర్ల అన్న పేరు పక్కన పడింది. ఆట అయ్యాక ఒకమ్మాయి మైకు పట్టుకొచ్చి ఆయన్ని అడిగింది. "వాడు తడబడ్డాడు, నేను చూసి దూకాను" అన్నాడు ఆయన. వాడు ఎందుకు తడబడ్డాడో ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు.

హోటల్లో లిఫ్టు కోసం నిలబడి ఉండగా నేనడిగాను.

"అన్నా, వాడి కాలెవరు పట్టుకున్నారు?"

"నువ్వు పట్టుకున్నావు. పడేసింది ఎవరు?"

"పట్టుకోకపోతే పడేసేవాడివా?"

"పడెయ్యకపోతే వాడు నిన్ను అటేపు మోసుకుపోయేవాడు గందా."

లిఫ్టు వచ్చింది. ఆయన ఎక్కాడు. నేను మెట్లెక్కి వెళ్ళాను. మా గది ఆరో అంతస్తులో ఉంది. ఆ సీజన్ అయిపోయేదాకా మళ్ళీ మాట్లాడుకోలేదు.

మాట్లాడుకోకపోయినా చెయ్యి పట్టుకోక తప్పదు. ప్రతి కూతకూ పట్టుకున్నాం. ఆయన అరచెయ్యి ఎప్పుడు చెమటపడుతుందో, ఏ రోజు జ్వరంతో ఆడుతున్నాడో నాకు తెలిసేది. అడగలేదు. నాకు వేలు బెణికినప్పుడు, ఆయన ఆ వేలు వదిలి మిగతావాటిని పట్టుకున్నాడు. ఆయనా ఏమీ అడగలేదు. బస్సులో ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో. గదిలో మాత్రం పక్కపక్క మంచాలు. ఫ్యాను తగ్గించాలంటే ఎవరికివాళ్ళం లేచి తగ్గించుకునేవాళ్ళం, ఇంకొకరు లేచి పెంచుకునేవాళ్ళు.

ఆట మాత్రం బాగుపడింది. అరుచుకుంటే అవతలివాడు వింటాడు. మేం అరుచుకోవడం లేదు కాబట్టి ఎప్పుడు పడతామో వాడికి తెలిసేది కాదు. ఒకరోజు ప్రాక్టీసులో కోచ్ అందర్నీ కూర్చోబెట్టి మా ఇద్దర్నీ నిలబెట్టాడు. మంచి అవగాహన అంటే ఏమిటో వీళ్ళను చూసి నేర్చుకోండి, అన్నదమ్ముల్లా ఉంటారు అని హిందీలో చెప్పాడు. మేం ఇద్దరం తల ఊపాం. చెరో వైపు చూస్తూ ఊపాం.

సీజన్ అయిపోయి ఇంటికొచ్చాను. అమ్మ నా ఆటలన్నీ చూస్తుంది. నియమాలు తెలియవు, తెలుసుకోదు కూడా. మేం ఎవర్నైనా పట్టి పడేస్తే, "ఆ పిల్లోడికి దెబ్బ తగిలిందేమోరా" అంటుంది. ప్రతి ఆదివారం చర్చిలో నా మోకాళ్ళ కోసం ప్రార్థన చేసి, మేం పడేసినవాళ్ళ కోసం కూడా చేస్తుంది. ఈసారి ఆమెకు ఇంకో సందేహం వచ్చింది.

"ఏరా, ఎప్పుడు చూసినా ఆ మాచర్ల అబ్బాయి చెయ్యే పట్టుకోనుంటావు. మిగతావాళ్ళతో నీకు పడదా?"

"ఆయనతోనే పడదమ్మా" అందామనుకున్నాను. చెబితే చానా సేపు పడుతుందని ఊరుకున్నాను.

ఆ శనివారం ఫోన్ ఛార్జింగులో పెట్టి క్షవరానికి వెళ్ళాను. ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి మా గేటు ముందు మాచర్ల అన్న నిలబడి ఉన్నాడు. చేతిలో పళ్ళ సంచి.

"వచ్చా" అన్నాడు.

"రా అన్నా" అన్నాను.

తగ్గాడన్నమాట అనుకున్నాను. అంత దూరం నుంచి బస్సెక్కి వచ్చాడు, నేనూ కొంచెం తగ్గితే పోయేదేముంది అనుకున్నాను. నాన్న ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్ళాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. మేం వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఆయనే మొదలుపెట్టాడు.

"నువ్వే ముందు ఫోన్ చేశావు గాబట్టి నేనింక అయ్యన్నీ మనసులో పెట్టుకోను."

"నేను చెయ్యలా. నువ్వే వచ్చావు గాబట్టి నేనూ పెట్టుకోవద్దనుకుంటన్నా."

"నీ నంబర్నించేగా వచ్చింది? మాట్లాడింది మీ అమ్మే అనుకో, పక్కన నువ్వున్నావుగా?"

"నేను మంగలి షాపులో ఉన్నా."

ఆయన గేటు వైపు చూసి చెప్పుల్లోకి కాలు చాపాడు. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. లోపల నూనె చిటపటలాడింది. గారెలు వేగుతున్నాయి. ఆయన చెప్పులు వేసుకోబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. సీజన్ అయిపోయింది కాబట్టి డైట్ ఉందని చెప్పడానికీ లేదు.

భోజనాల దగ్గర అమ్మ ఒక్కతే మాట్లాడింది. గారెలూ కోడికూరా వడ్డిస్తూ, వాళ్ళమ్మ గురించి, ఎరువుల రేట్ల గురించి, ఆయన పెళ్ళి గురించి అడిగింది. ఆయన అన్నింటికీ మర్యాదగా చెప్పాడు. నాకు మంచినీళ్ళ చెంబు కావలసి వస్తే అమ్మను అడిగాను. చెంబు ఆయన పక్కనే ఉంది.

తిన్నాక అమ్మ టీవీ ముందు కూర్చుంది.

"నాయనా, మీ వోళ్ళందరూ ఎగిరి గంతులేశారంటగా, ఆ ఆట పెట్టు. ఆయాల ఆఖర్న కరెంటు పోయి చూళ్ళేదు."

ఏ ఆటో మా ఇద్దరికీ తెలుసు. ఆయన ఫోన్లో వెతికి టీవీకి కలిపాడు. వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. నా చెయ్యి, వాడి చీలమండ, ఆయన దూకడం, వాడు బోర్లా పడడం. అమ్మ ముందుకు వంగి చూసింది.

"ఇంకోసారి పెట్టు నాయనా."

పెట్టాడు.

"ఆ పిల్లోడి చెయ్యి గీత మీదుంది గందా?"

నడిగీత వాడి చేతికి తగిలిందంటే వాడు ఔట్ కాదు. మేమిద్దరం ఔట్. పాయింట్లు వాళ్ళవి, ఆట వాళ్ళది.

"లేదమ్మా" అన్నాడు ఆయన.

"లేదు" అన్నాను నేను.

"ఉందిరా, సూడండి, ఏళ్ళు తగిలినయ్."

"అది నీడమ్మా" అన్నాడు ఆయన.

"నీడే" అన్నాను.

"లైట్లు పైనుంచి పడతయ్యిగా, అట్టా కనపడుద్ది" అన్నాడు.

"టీవీలో ఇంకా ఎక్కువ కనపడుద్ది" అన్నాను.

అమ్మ మా ఇద్దరి వంకా చూసింది. "ఆడినోళ్ళు మీరు, మీకే తెలుసుద్దిలే. పాపం ఆ పిల్లోడు" అని లేచి ఆయన తెచ్చిన పళ్ళు కడగడానికి వెళ్ళింది. ఆయన టీవీ ఆపేశాడు. మళ్ళీ పెట్టి చూద్దామని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

సాయంత్రం బస్టాండు దాకా తోడు వెళ్ళాను. సిమెంటు లారీలు వరసగా పోతున్నాయి. ఒక లారీ వెళ్ళి ఇంకోటి వచ్చేలోపు ఆయన అడిగాడు.

"తగిలిందా?"

"నేను వాడి కాలు పట్టుకోని నేల మీదున్నా. నాకు చెయ్యెట్టా కనపడుద్ది?"

"నేను నడుం మీద పడ్డా. నా మొహం వాడి ఈపుకే ఉంది."

"ఐతే ఇద్దరం చూళ్ళేదు."

"చూళ్ళేదు."

మాచర్ల బస్సు వచ్చింది. ఆయన మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"తమ్ముడూ, అసలా పట్టు నీదేలే. ముందు కాలు పట్టింది నువ్వేగా."

"అట్టా అనబాక అన్నా. పాయింటు నీ పేరు మీదేగా పడింది."

"పేరుదేముంది. నేను ఈసారి మైకు పెడితే చెప్తా."

"చెప్పబాక" అన్నాను.

కండక్టరు విజిలేశాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను.

ఆయనకు మళ్ళీ ఎవరూ మైకు పెట్టలేదు. తర్వాతి సీజన్‌కు వేరే జట్టు ఆయన్ని తీసుకుంది. మా మీద ఆడినప్పుడు, కూతకు వెళ్ళేవాళ్ళంతా ఔటై ఆయన్ని పంపితే నేరుగా నా మూలకే వచ్చాడు. పట్టుకున్నాను. పడి లేచి, జెర్సీ సర్దుకుని, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ ఏడాది చివర్లో మోకాలు పోయి ఆట మానేశాడు. ఇప్పుడు మాచర్లలో వాళ్ళ కొట్లో కూర్చుంటున్నాడు. వారానికోసారైనా ఫోన్ చేసుకుంటాం. నా ఎడమ మోకాలు ఈమధ్య మెట్లు దిగేటప్పుడు కలుక్కుమంటోంది. ఆయనకు కూడా మొదట్లో అలాగే ఉండేదట. ఐసు పెట్టమన్నాడు. పెడుతున్నాను.