నాగులేరు ఒడ్డున అడిగిన మాట

మా నాన్నకు తిట్టడం చేతకాదు. ఎవరికైనా బుద్ధి చెప్పాలనిపిస్తే పక్కన కూర్చోబెట్టుకుని చరిత్ర మొదలుపెడతాడు. నరసరావుపేటలో హైస్కూలు మేష్టరు కదా, ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. పందొమ్మిదివందల అరవైల మొదట్లో, చలికాలంలో ఒక శనివారం, అద్దెకు కారు మాట్లాడి "దా, పల్నాడు తిప్పుకొస్తా. పాత దొరల కాలం నాటివన్నీ చూద్దువుగాని" అని పిలిచినప్పుడే నాకు అర్థమైపోయింది, ఇది షికారు కాదని.

సంగతేమిటంటే, నేను ఒకతన్ని పెళ్లి చేసుకుంటానన్నాను. అప్పట్లో నేను దాచేపల్లిలో టీచరుగా చేస్తూ, సెలవులకు ఇంటికొచ్చేదాన్ని. అతను ఆ పక్కనే నడికుడి స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. నెమ్మదస్తుడు, చదువుకున్నవాడు, మాలాగే క్రైస్తవుడు. ఇంకేం కావాలి అంటారా? అతను ఆర్సీఎం, అంటే రోమన్ కాథలిక్కు. మేము బాప్టిస్టులం. బయటివాళ్ల కంటికి అందరం ఒకటేగానీ, మాలో మాకు ఆ గీత చెరపబోతే చెరిగేది కాదు. పైగా పెళ్లి కావాలంటే పిల్ల తమ సంఘంలో కలవాల్సిందేనని వాళ్ల చర్చి ఫాదర్‌గారు కబురంపారు. ఆ కబురు విన్నప్పటినుంచీ నాన్న నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. నాన్న కాదంటే కాదనే మనిషి. ఆయన్ని కాదని లేచిపోయేంత తెగువ నాకు లేదు, అతన్ని వదులుకునే మనసూ లేదు.

అమ్మ రాలేదు. "మీ ఇద్దరి మజ్జన నలగటం నా వల్ల గాదు" అని పులిహోర, ఉడకబెట్టిన కోడిగుడ్లు కట్టిచ్చి తలుపేసుకుంది. నాయనమ్మ మాత్రం కారు పేరు వినగానే కొత్త చీర కట్టుకుని అందరికన్నా ముందెక్కి కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి, కిటికీ పక్క చోటు కోసం నన్ను మోచేత్తో నెట్టింది. డ్రైవరు ముసలి సాయిబు. కారు ఆయన కన్నా ముసలిది.

ఎంత కోపంలో ఉన్నా నిజం చెప్పాలి, ఆ పొద్దుటి ప్రయాణం నాకు చాలా నచ్చింది. చేలల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. వాటి ఘాటుకు మా నలుగురికీ ఒకేసారి తుమ్ములు. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల పొగ, తెల్లబడిపోయిన చెట్లు. అక్కణ్ణించి గురజాల దాకా పొలాల చుట్టూ నిలువుగా పాతిన నాపరాళ్లు. నాయనమ్మ కనపడిన ప్రతి చేనునూ చూసి "ఇది ఫలానావోళ్లది, దీన్లో నేను కలుపు తీశా" అంటూనే ఉంది. నాన్న ఆమెను ఆపి చరిత్ర చెప్పాలని చూస్తున్నాడు, ఆమె ఆగితే కదా!

గురజాలలో తాలూకా కచేరీ ముందు కారాపించాడు. దొరలు కట్టించిన రాతిగోడల భవనం, ఎత్తయిన మెట్లు. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఈ మెట్ల మీదే మీ తాత నిలబడ్డాడమ్మాయ్. మనది డప్పు కొట్టే ఇల్లు. మతం పుచ్చుకున్నాక జాతరలో అమ్మవారి ముందు డప్పు కొట్టనన్నాడు. ఊరి పెద్దలు ఇక్కడికి లాక్కొచ్చారు. తనది కాని దేవుడి ముందు కొట్టమని ఎవర్నీ బలవంతపెట్టేదానికి వీల్లేదని కచేరీ దొర తీర్పిచ్చాడు."

"తీర్పు బానే ఇచ్చాడు," అంది నాయనమ్మ. "ఆ ఏడంతా ఒక్కడు కూలికి పిలవలా. జొన్న గంజి తాగి బతికాం. నీ అక్క పాలకేడస్తంటే నాకు చుక్క పాలు పడలా."

"అందుకేనమ్మా నేనంటా! అంత కష్టపడి నిలబెట్టుకున్నదాన్ని..." అంటూ నాన్న నా వంక చూశాడు. నేను పులిహోర డబ్బా వంక చూశాను.

గురజాల దాటాక పాత మిషన్ బంగళా. దొరలు వెళ్లిపోయాక తాళం వేసి ఉంది. ఎత్తు స్తంభాలు, పంకా లాగడానికి కొట్టిన ఇనుప కొక్కేలు ఇంకా అలాగే ఉన్నాయి. వరండాలో దుప్పటి పరుచుకుని అన్నాలకు కూర్చున్నాం. సాయిబు మొదట మొహమాటపడ్డాడు, "రా తమ్ముడా, గుడ్లు నాకు అరగవు" అని నాయనమ్మ తన వాటా ఆయన ఆకులో వేసింది. చల్లగాలి వీస్తోంది. పులిహోర పుల్లపుల్లగా, వేడి తగ్గి బ్రహ్మాండంగా ఉంది. ఇక్కడి దొరసాని తనకు అక్షరాలు దిద్దించిందనీ, తప్పు రాస్తే తెల్ల వేళ్లతో చెవి మెలిపెట్టేదనీ చెబుతూ నాయనమ్మ పకపకా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. అక్కడితో ఊరుకుంటే ఎంత బావుండేది!

"సముద్రాలు దాటొచ్చి మనకు వెలుగు చూపించారు," అన్నాడు నాన్న. "ఆ వెలుగు వదులుకుని పోతానంటే ఎట్టా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "దొర సముద్రం దాటొచ్చి మతం మారమంటే గొప్ప. నేను నడికుడిదాకా పోయి చర్చి మారతానంటే తప్పొచ్చిందా? తాతకున్న స్వతంత్రం నాకెందుకు లేదు?"

నాన్న మొహం మాడిపోయింది. చెయ్యి కడుక్కుని లేచాడు. "తేడా ఏందో నాగులేరు కాడ చూపిస్తా పద," అన్నాడు. సాయిబు ఆకులెత్తే నెపంతో అటు తిరిగిపోయాడు.

దాచేపల్లి దగ్గర నాగులేరు ఆ కాలానికి మోకాలి లోతు పారుతోంది. ఊరి బయటి మా పాలెంవాళ్లంతా బాప్తిస్మం పుచ్చుకున్నది అక్కడే. నాన్న చెప్పులు విడిచి ఒడ్డున నిలబడ్డాడు. ఆయనకు అది గుడితో సమానం.

"చూడమ్మాయ్. వాళ్లు పసిగుడ్డు నెత్తిన నాలుగు చుక్కలు చల్లి అయిందనిపిస్తారు. ఆ బిడ్డకేం తెలుసు, ఎవరడిగారు? మన కాడ అట్టా గాదు. మనిషి పెద్దవ్వాల. సంఘం ముందర నిలబెట్టి, ఎవరి బలవంతం లేకుండా నీ అంతట నువ్వే వస్తన్నావా అని అడగాల. ఔనన్నాకనే నీళ్లలో ముంచేది. ఇక్కడే మిషన్ దొర అడిగాడు. మన పాలెమంతా ఔనన్నది. అదీ స్వతంత్రమంటే."

చెబుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా పెళ్లి మాట ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

"పాలెమంతా ఎక్కడరా?" అంది నాయనమ్మ వెనకనుంచి. "మొగోళ్లన్నారు."

నాన్న వెనక్కి తిరిగాడు. ఆమె ఒక రాయి చూసుకుని కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంది.

"దొర మొగోళ్లని వరసగా నిలబెట్టి అడిగాడు. మీ నాయన, ఔనండీ నేనూ నా ఇంటోళ్లూ అన్నాడు. చంకలో పిల్లనేసుకుని నేనీ ఒడ్డునే ఉండా. నా ఇంటోళ్లంటే నేనేనని నీళ్లలోకి దింపిందాకా నాకు తెలవదు. నన్నెవరూ అడగలా."

"ఇన్నాళ్లూ చెప్పలేదేందమ్మా?"

"నువ్వు మాత్రం అడిగావా?"

నాన్న తరగతికి పాఠం చెబుతూ చెబుతూ మరిచిపోయిన మేష్టరులా అయిపోయాడు పాపం. నాకు ఆయన మీద కోపమంతా పోయి జాలేసింది. మెల్లగా వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు.

"అప్పుడు అడిగుంటే ఏమనేదానివమ్మా?"

"ఔననే అనేదాన్ని. ఆ దేవుడంటే నాకేం కోపంరా? ఇన్నేళ్లు ఆయన్నే కొలుచుకుంటున్నా. కాకపోతే ఆ మాట నా నోటితో నేను అనేదాన్ని." ఆమె పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "నన్నెటూ అడగలా. దాన్నన్నా అడుగు."

నాన్న లేచి నా ముందుకొచ్చాడు. ఆయన సంఘం పెద్ద కాబట్టి ఎందరినో అడిగిన ప్రశ్నే, ఆ రోజు నన్నడిగాడు.

"ఎవరి బలవంతం లేకుండా నీ అంతట నువ్వే పోతున్నావా అమ్మా?"

రాత్రంతా పడుకోకుండా కూర్చుకున్న వాదనలన్నీ ఎటు పోయాయో. "ఔను నాన్నా. నా అంతట నేనే," అన్నాను, ఏడుపు తన్నుకొచ్చింది.

ఆయన తలూపాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, మళ్లీ తుడిచాడు. ఎంతకీ పెట్టుకోడే!

"ఆ అబ్బాయికి డ్యూటీ ఎప్పటిదాకా?" అన్నాడు చివరికి, ఏటి వైపు చూస్తూ.

"సాయంత్రం మాచర్ల బండి పోయిందాకా ఉంటారు," అని టక్కున చెప్పేసి నాలిక కరుచుకున్నాను.

నాయనమ్మ పగలబడి నవ్వి చెయ్యి చాపింది. నాన్న ఆమెను లేవదీసి, తడి కాళ్లకు తనే చెప్పులు తొడిగి, సాయిబును కేకేశాడు.

"బండి తియ్యి బాబాయ్. నడికుడి పోదాం, ఆ పిల్లోణ్ణి కూడా ఒక మాట అడగాల."