కనకాంబరం రంగు కారు

కనకాంబరాలకు వాసన ఉండదంటారు. నాకు మాత్రం వస్తుంది. మొన్న ఆదివారం పొద్దున మోండా మార్కెట్ దగ్గర పూలావిడ మూర కొలిచి, అరటాకులో చుట్టి చేతిలో పెట్టగానే, ఆ ఆకు పచ్చివాసన కింద నుంచి థిన్నర్ వాసన, నీళ్ళలో నానిన గరుకు కాగితం వాసన, మా నాన్న ఖాకీ చొక్కా వాసన ఒకదాని వెంట ఒకటి ముక్కుకు తగిలాయి. వాటి వెనకే నా పాత కుళ్ళు కూడా వచ్చి కూర్చుంది. మనవడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మోకాళ్ళ నొప్పులు, అయినా చిన్నప్పుడు నా బెంచీలో కూర్చున్న మెర్సీ పేరు తలచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

మా నాన్న యాదగిరికి పద్మారావు నగర్ వెనక సందులో కార్లకు రంగులు వేసే రేకుల షెడ్డు ఉండేది. వానాకాలం రంగు ఆరక పని తక్కువ, ఎండాకాలం గాలికి దుమ్ము లేచి తడి రంగు మీద పడుతుందని విసుగు ఎక్కువ, కాబట్టి ఆయనకు నచ్చే కాలం దసరా వెళ్ళాక మొదలయ్యే చలికాలమే. ఆ రోజుల్లో నేల మీద నీళ్ళు చల్లి, గోనెపట్టాలు దించి, కంప్రెసర్ దడదడమంటుంటే ముక్కుకు గుడ్డ కట్టుకుని నాన్న కారు చుట్టూ తిరుగుతుంటే, నేను బయట రాతి మీద కూర్చుని అమ్మ కట్టిచ్చిన సకినాలు నములుతూ చూసేదాన్ని. ఆయుధపూజ నాడు షెడ్డులో ఉన్న ప్రతి వస్తువుకూ, స్ప్రే గన్నుకూ కంప్రెసర్‌కూ సుత్తులకూ కూడా, నూనెలో కలిపిన పసుపు, దాని మీద కుంకుమ. కార్లకు అందరూ బానెట్ మీద పెడితే నాన్న మాత్రం తలుపు తెరిచి, లోపలి అంచున రివెట్లతో బిగించిన చిన్న రేకు మీద పెట్టేవాడు. పేరు రాసి ఉన్న చోటే బండికి నొసలు అని ఆయన వాదన, దాన్ని ఎవరూ ఎదిరించేవారు కాదు.

ఆ సందు చివర, నాలుగు గదుల పెంకుటింట్లో జీవరత్నం మాస్టారు అద్దెకుండేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, ఆయన బడిలో సైన్సు చెప్పేవారు. చిన్న కూతురు మెర్సీ నా తరగతే, నా బెంచీయే. ఏదో ప్రాజెక్టు పని మీద వచ్చిన ఒక అమెరికా ఇంజనీరు సాయంత్రాలు మాస్టారి దగ్గర తెలుగు నేర్చుకునేవాడట, దేశం వదిలి వెళ్ళేటప్పుడు గురుదక్షిణగా తన కారు ఇచ్చేసి పోయాడు. రెండే తలుపులు, మంచమంత బానెట్, ఎడమ వైపు స్టీరింగు. స్టార్టు చేస్తే మా ఇంట్లో గూట్లోని గిన్నెలు గలగలమనేవి. దాని కంపెనీ పేరు చెప్పను, చెబితే ఇప్పటి కార్ల పిచ్చివాళ్ళు నన్ను కూర్చోబెట్టి పాఠం చెబుతారు. రంగు చెబుతాను. అచ్చం కనకాంబరం. సికింద్రాబాద్ మొత్తంలో నల్లవీ తెల్లవీ బూడిద రంగువీ తప్ప కార్లు కనపడని ఆ రోజుల్లో, మారేడ్‌పల్లి రోడ్డు మీద అది వస్తుంటే సోడా తాగేవాళ్ళు గోలీ నొక్కడం ఆపి చూసేవారు.

ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక మాస్టారు కారు తలుపు తెరిచి, పిల్లలందరినీ పిలిచి, తలుపు అంచున ఉన్న ఆ నల్ల రేకు చూపించి పాఠం చెప్పేవారు. ఇంజనీరు వెళ్ళేముందు కాగితం మీద రాసిచ్చి ఆయనకు దాన్ని చదవడం నేర్పాడు. ఈ అంకె ఏ సంవత్సరానిదో, ఈ అక్షరం ఏ ఊరి ఫ్యాక్టరీయో, ఈ గుర్తు లోపలి సీట్ల తోలు ఏదో, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. చివరికి చూపుడువేలు ఒక గడి మీద ఆగేది.

"ఇక్కడ రంగు గుర్తు ఉండాలమ్మా. తెలుపుకి ఎం, ఎరుపుకి ఇంకొకటి, అట్లా. మనదానికి ఖాళీ. ఖాళీ అంటే ఏంటి మెర్సీ?"

"కంపెనీ పట్టికలో లేని రంగు నాన్నగారూ. అడిగి, ప్రత్యేకంగా వేయించుకున్నది."

ఆ మాట చెప్పి మెర్సీ నా వైపు చూసేది. చూడకపోయినా నాకు చూసినట్టే ఉండేది. ఉన్నదాన్ని చూసి ఏడవడం అందరికీ వస్తుంది, నేను లేనిదాన్ని చూసి ఏడ్చాను, ఆ ఖాళీ గడిని చూసి. మా ఇంట్లో నాన్న సైకిలుంది, దాని మీద కంపెనీ పేరు, నంబరు, నాన్న పేరు, ఊరి పేరు అన్నీ ఉన్నాయి. ఖాళీ ఒక్కటీ లేదు. తొక్కుడుబిళ్ళ ఆడితే మెర్సీ గీసిన గడిలోనే బిళ్ళ వెయ్యాలి. కారులో కూర్చునే వంతులు మెర్సీ నిర్ణయిస్తుంది, నా వంతు వచ్చేసరికి వాళ్ళమ్మ అన్నానికి పిలుస్తుంది. క్రిస్మస్‌కు వాళ్ళింటి నుంచి వచ్చే, నూనెలో వేయించిన గులాబీ పువ్వులు, ఎండుద్రాక్ష వేసిన కేకు ముక్కలు నేను తినేదాన్నే, బాగుండేవి కూడా, బాగున్నందుకు ఇంకా మండేది. అన్నింటికన్నా పెద్ద మంట నాన్న మీద. ఆ కారు షెడ్డులోకి వస్తే చాలు, వేరే పనులన్నీ పక్కన పెట్టి, తన భుజం మీది తువ్వాలుతో దాన్ని తుడిచేవాడు. నాకు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టే తీరులోనే దాని బానెట్ మీద చెయ్యి పెట్టేవాడు.

మేం ఎనిమిదో తరగతిలో ఉండగా మెర్సీ వాళ్ళక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు ఆ కారులోనే చర్చికి వెళ్ళాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. సరిగ్గా అప్పుడే చిలకలగూడ మలుపులో ఒక లారీ రాసుకుపోయి ఎడమ తలుపు నిలువునా గీరుకుపోయింది. మాస్టారు కారు షెడ్డులో పెట్టి, తల పట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. గుర్తు ఉంటే ఆ గుర్తు చెప్పి రంగు తెప్పించుకోవచ్చు, దీనికి గుర్తే లేదు, పేరు లేని రంగును ఎవరిని అడగాలి అని ఆయన బాధ. మెర్సీ కళ్ళనిండా నీళ్ళు. నాకు లోపల లోపల పండగ. తలుపు ఒక రంగు, కారు ఒక రంగు అయితే చూడాలని ఎంత ఉందో.

నాన్న రంగు తగలకుండా కాగితాలు అంటించమని తలుపు అంచులు నాకు అప్పజెప్పాడు. ఆ ప్రసిద్ధమైన ఖాళీ గడిని మొదటిసారి అంత దగ్గరగా చూశాను. చేత్తో తడిమితే ఖాళీ గడి ఉండాల్సినంత నున్నగా లేదు, ఉబ్బుగా తగిలింది. థిన్నర్ గుడ్డతో రుద్ది, జడ పిన్నుతో గీకాను. నల్లటి పెచ్చు ఒకటి ఊడింది. దాని కింద పసుపు. పసుపు కింద పైకి పొడుచుకొచ్చిన ఇంగ్లీషు అక్షరం, దాని మీద నా పిన్ను పెట్టిన ఏటవాలు గీత. ఇంజనీరు దగ్గర ఉన్న రోజుల్లో, నాకు సరిగ్గా ఊహ రాకముందు, ఈ కారు దసరాకు మా షెడ్డుకే వచ్చేది, ఏడాదికో బొట్టు మా నాన్న పెట్టిందే, మాస్టారి చేతికొచ్చాక పూజ ఆగిపోయి ఆ బొట్లన్నీ నూనె, దుమ్ము పట్టి రేకులో రేకుగా నల్లబడ్డాయి. నాకు అప్పుడు ఇదంతా తట్టలేదు. తట్టింది ఒక్కటే. ఖాళీ కాదు.

"సార్, ఈడ ఎం అని ఉంది" అన్నాను, సందంతా వినపడేటట్టు.

మాస్టారు లేచి వచ్చారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఎం అంటే తెలుపు" అన్నారు మెల్లగా. "అయితే ఇది మామూలు తెల్ల కారా?"

ఇన్నాళ్ళ నా మంట చల్లారాలి కదా, చల్లారలేదు, ఆయన మొహం చూస్తే నాకే ఎట్లాగో అయింది. నాన్న చేతిలోని కప్పు కింద పెట్టాడు.

"తెల్లదే సారు. గీ రంగు నేనే ఏసిన. గా అమెరికా దొర మీ తాన తెలుగు షురూ చెయ్యక ముందటి ముచ్చట. బండి నా తానికి తెచ్చి ఏ రంగు ఏద్దామా అని దిక్కులు చూస్తుంటే, గీ పోరి గీడనే ఆడుకుంటుండె. దీని జడల పూలు చూపిచ్చి, గిదే గావాలె, వేరేది వద్దు అన్నడు. పువ్వు పక్కన పెట్టుకొని కలిపిన."

"మరి నేను ప్రతి ఆదివారం అంతలా చెప్తుంటే, ఒక్కసారైనా చెప్పలేదేం యాదగిరీ?"

"మీరు గంత సంబురంగ చెప్తుంటే, నడుమల నేనెందుకని ఊకున్న సారు."

మాస్టారు నా తల మీద చెయ్యి వేసి, "అడిగి వేయించుకున్న రంగన్న మాట అబద్ధం కాలేదులే" అన్నారు. ఆయన వెనక నిలబడ్డ మెర్సీ నా జడ వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, అద్దంలో రోజూ చూసుకునేదాన్ని. నా బతుకులో అంతకన్నా మంచి బహుమతి ఎవరూ ఇవ్వలేదు. అదే క్షణంలో ఇంకో సంగతి కూడా అర్థమైంది. ఇన్నేళ్ళూ నేను కుళ్ళుకుని చచ్చింది నా పూలను చూసే.

మర్నాడు బడి మానిపించి నన్ను షెడ్డులో కూర్చోబెట్టారు. మెర్సీ స్వయంగా కనకాంబరాలు తెచ్చి నా జడలో పెట్టింది, కొంచెం గట్టిగానే గుచ్చింది. నాన్న మొదటిసారి లాగే ఒక్కో పువ్వు తుంచుకుని, తలుపు రేకుకు ఆనించి చూస్తూ, ఎరుపు కొంచెం, పసుపు కొంచెం, చిటికెడు తెలుపు కలుపుతూ పోయాడు. ఆ రోజు ఎండ ఎక్కువ. మధ్యాహ్నానికి పూలు వాడి ముదురు రంగుకు తిరిగాయి, అది ఆయన గమనించలేదు. ఆరాక చూస్తే ఎడమ తలుపు మిగతా కారు కన్నా ఒక మెట్టు ముదురు. గీకి మళ్ళీ వేసే వ్యవధి లేదు. పెళ్ళి రోజు చర్చి దగ్గర ఆ తలుపు గోడ వైపు వచ్చేటట్టు కారు ఆపించి, నాన్న దాని పక్కనే నిలబడ్డాడు, ఎవరైనా అటు వస్తే ఏదో ఒకటి పలకరిస్తూ. పెళ్ళికూతురు మాత్రం ఆ ముదురు తలుపులోంచే దిగింది.

తర్వాత మాస్టారికి బదిలీ అయింది, పెట్రోలు పోయలేక కారు ఎవరికో ఇచ్చేశారు. మెర్సీ ఎక్కడుందో తెలియదు. షెడ్డు స్థలంలో ఇప్పుడు అపార్టుమెంటు, దాని కింద వరసగా తెల్ల కార్లు. నాన్న పోయి చాలా కాలమైంది.

మొన్న ఆదివారం పూలు తురుముకుని, మనవడు రమ్మంటే పాత కార్ల ప్రదర్శనకు వెళ్ళాను. అక్కడ ఆ రెండు తలుపుల కారు తెల్లగా, పాలపొంగులా మెరుస్తూ నిలబడి ఉంది. తలుపు తెరిచే ఉంది. వంగి చూస్తే అంచున రేకు, రేకు మీద ఎం, దాని మీద నా పిన్ను పెట్టిన ఏటవాలు గీత. ఓనరు కుర్రాడు సంబరంగా దగ్గరికొచ్చాడు.

"కంపెనీల నుంచి ఎట్ల వచ్చిందో అట్లనే చేయించిన ఆంటీ. కోడ్ ఎం, ఎం అంటే వైట్. ఎవరో ఆరెంజ్ కొట్టి ఖరాబ్ చేసిన్రు, మొత్తం గీకిపిచ్చిన. గీ రివెట్ కాడ జెర మిగిలింది, అది సుత వచ్చే వారం పోతది."

రివెట్టు సందులో గోరంత కనకాంబరం. వాడి సంబరం చూస్తే, నడుమల నేనెందుకన్న నాన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ నేను మా నాన్నంత మంచిదాన్ని కాను.

"బాబూ, గిట్లాంటి తెల్లయి ఎన్ని ఉంటయి?"

"మస్తుంటయి ఆంటీ. కామన్ కలర్."

"మాది ఒక్కటే ఉండె" అన్నాను.

ఏది ఒక్కటే అన్నట్టు కారు వైపు చూశాడు, నా మనవడి వైపు చూశాడు. నా జడ వైపు మాత్రం చూడలేదు.