సిరీస్ బల్బు

రెజిమెంటల్ బజార్‌లో రేడియోలు బాగుచేసే భాయ్, పని పూర్తయిన ఏ వస్తువుకూ నేరుగా కరెంటు ఇచ్చేవారు కాదు. ముందుగా దానిని ఒక పాత బల్బుతో సిరీస్‌లో, అంటే ఒకే తీగ వరుసలో, కలిపేవారు. బల్బు భగ్గున వెలిగితే లోపల షార్ట్ ఉన్నట్టు. మసకగా వెలిగితే వస్తువు క్షేమం.

లెక్కలు బోధించే నన్ను ఒకసారి అడిగారు: "మీ పుస్తకంల సుత సిరీస్ ఉంటదట గదా సార్, అదేంది?"

"శ్రేణి అంటాం భాయ్. సంఖ్యలను వరుసగా కూడుతూ పోవాలి. నడుమ ఒక్కటి వదిలినా జవాబు తప్పుతుంది."

"గట్లయితే మీదీ మాదీ ఒక్కటే పని!" అని నవ్వారు.

ఆ తర్వాతి మంగళవారం మా అమ్మ రేడియో కోసం వెళ్లాను. చూపు పోయిన అమ్మకు పగలంతా అదే తోడు. సోల్డరింగ్ పూర్తయింది కానీ, అప్పుడే బజారులో కరెంటు పోయింది.

"ఇంకా సిరీస్‌ల పెట్టలే సార్. జెర ఆగుండ్రి."

"ఏం కాదులే భాయ్, ఇచ్చేయండి" అని తెచ్చేశాను. ఇంట్లో ప్లగ్గు పెట్టగానే రేడియో నుంచి పొగ వచ్చింది. "ఏమైందిరా?" అని అమ్మ అడిగితే, ప్లగ్గు పీకి, "మళ్లీ పాడైందమ్మా" అని మాత్రం అన్నాను.

మర్నాడు రేడియోను మళ్లీ భాయ్ దగ్గరకు తీసుకెళ్లాను. కాలిపోయిన భాగం కోసం ఆయన పదకొండు రోజులు తిరిగారు. పన్నెండో నాడు రేడియోను సిరీస్‌లో పెట్టి, నన్ను దగ్గరకు పిలిచారు. బల్బు మసకగా వెలిగింది, వార్తలు వినిపించాయి.

"తప్పు ఈ రేడియో మిస్త్రీదని అమ్మకు చెప్పుండ్రి సార్" అన్నారు, వైరు చుడుతూ.

ఇంటికి వచ్చి, జరిగినది జరిగిన వరుసలో, ఒక్కటీ వదలకుండా అమ్మకు చెప్పాను.