పళ్ళెంలో పసుపు

ఇంకొల్లు పక్కన మిరపచేలల్లో ఎవరికి కామెర్లు వచ్చినా ఎస్టీడీ బూతు పక్కింటి రోశమ్మ అరుగెక్కాల్సిందే. ఆమె మామిడి బెరడు రసం అరచేతులకు రుద్ది, సున్నపునీళ్ళతో కడిగేది. నీళ్ళు పళ్ళెంలోకి పచ్చగా దిగేవి. "చూశావా, జబ్బు దిగిపోతోంది," అనేది. పైసా ముట్టేది కాదు.

అయిదు రోజులు అలా కడిగించుకున్న కోటేశ్వరి మొగుడు, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోగానే పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడు కోటేశ్వరి వచ్చి చేతులు చాపింది. "నా ఒంట్లో ఏ రోగమూ లేదు పిన్నీ. నావీ కడుగు." రోశమ్మ రుద్ది కడిగింది. నీళ్ళు అంతే పచ్చగా దిగాయి. "అయ్యో తల్లీ, నీకూ అంటుకుందే!" కోటేశ్వరి అరుగు దిగిపోయింది. రోశమ్మ చాలాసేపు పళ్ళెం ముందే కూర్చుంది. ఆఖరికి తన చేతులూ రుద్దుకుని కడుక్కుంది. అవే పచ్చటి నీళ్ళు. ఆ పూట నుంచి రోశమ్మ ఉప్పు మానేసి, కామెర్ల పథ్యం మొదలుపెట్టింది.