అరవ సెక్షను మూసిన ఏడాది

మా ఊరు నగరికి అరగంట బస్సు దూరం. సగం ఇళ్లలో మగ్గాలుండేవి. ఊళ్లో బడి కట్టడం ఒకటే గానీ అందులో బడులు రెండు. ఎడమ పక్క నాలుగు గదులు తెలుగువి, కుడి పక్క చివరి గది అరవ సెక్షను. తమిళాన్ని మా వైపు అరవమనే అనేవాళ్లం, అందులో చిన్నచూపేమీ లేదు. నేను అయిదో తరగతికి వచ్చేనాటికి, అంటే డెబ్బైల చివర్లో, ఆ గదిలో అన్ని తరగతులూ కలిపి పదకొండుమంది పిల్లలు మిగిలారు. వాళ్లందరికీ ఒకే అయ్యవారు. రోజూ పొద్దున్నే సరిహద్దు అవతలి నుంచి బస్సులో వచ్చేవారు. ఊరంతా ఆయన్ని అరవ అయ్యోరనే పిలిచేది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మా హెడ్మాస్టరుకు ఒక ఆలోచన వచ్చింది. వేసవి సెలవులకు బడి మూసే రోజు జరిగే సభలో తెలుగు పిల్లలు తమిళంలో ఏదన్నా చెప్పాలి, తమిళ పిల్లలు తెలుగులో చెప్పాలి. ఆ మర్నాడే అరవ అయ్యోరు మా తరగతికి వచ్చి, నల్లబల్ల మీద ఒక అక్షరం రాశారు.

"మీకు క, ఖ, గ, ఘ అని నలుగురుండారు. మాకు ఈ ఒక్కడే. బీదిల్లు మాది. ఒకడే నాలుగు పనులు చేసుకోవాల" అన్నారు. తరగతంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు, రెండో అక్షరం రాశారు.

నాకు జోడీగా తమిళ నాలుగో తరగతి పిల్లను కూర్చోబెట్టారు. ఆమె తెలుగు పద్యం నేర్చుకోవాలి, నేను తమిళ పొడుపుకథ నేర్చుకోవాలి. మధ్యాహ్నం గంట కొట్టాక వరండాలో కూర్చుని ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. ఆ పిల్ల తెలుగు బాగానే మాట్లాడేది గానీ చదవడం రాదు. పద్యాన్ని తమిళ అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేది. నాకంటే పది రోజుల ముందే ఆమెకు నోటికి వచ్చేసింది.

ఒక సాయంత్రం ఇంట్లో నేల మీద సుద్దముక్కతో తమిళంలో 'అమ్మా' అని రాస్తున్నాను. మా అవ్వ, నాయన కన్నతల్లి, పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. తల తిప్పి చూసి, "నెత్తిన చుక్క పెట్టలేదే పాపా. చుక్క లేకుంటే అమమా అని చదువుతారు" అంది.

 మగ్గం గుంటలో ఉన్న నాయన, దారంతో అటూ ఇటూ పరిగెత్తే నాడెను ఆపేశాడు.

"అమా, నీకు చదువొచ్చునా?"

"మూడో తరగతి దాకా పోయినా, మా ఊళ్లో."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"ఈడంతా తెలుగు రాతలే కదప్పా. చెప్పి ఏం చేసేది?"

అవ్వ పుట్టిల్లు సరిహద్దు అవతల. అక్కడి నేతవాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో చదివేది తమిళం. పెళ్లయి మా ఊరికి వచ్చాక ఆమెకు చదవడానికి పుస్తకమేదీ దొరకలేదు. ఏ కాగితం మీద సంతకం కావాల్సివచ్చినా ఎదుటివాళ్లు అడక్కుండానే సిరా డబ్బా జరిపేవాళ్లు, ఆమె వేలిముద్ర వేసేది. అంగట్లో పప్పు పొట్లాలు కట్టించుకొస్తే ఆ పాత తమిళ పేపర్లు విప్పి, చేత్తో సాపు చేసి, చాప కింద దాచుకునేది. పొయ్యి రాజేయడానికని మేమనుకునేవాళ్లం. ఇన్నేళ్లూ చదువుకుంటూ ఉందని మాకెవరికీ తట్టలేదు.

మర్నాడు ఈ సంగతి అరవ అయ్యోరికి చెప్పాను. ఆయన బీరువా తీసి, అట్ట చినిగిన కథల పుస్తకం ఒకటి ఇచ్చారు. "మీ అవ్వకియ్యి. చదివినాక ఇంకొకటి ఇస్తా" అన్నారు. అవ్వ దాన్ని వారంలో చదివింది. పరీక్షలయ్యేలోగా ఆ బీరువాలోంచి ఆరు పుస్తకాలు మా ఇంటికి వచ్చిపోయాయి. మొదట్లో పెదాలు కదుపుతూ చదివేది. రాన్రాను పెదాలు కదలడం మానేశాయి. పొడుపుకథ కూడా ఆమే నా చేత పలికించింది. ఇటు పోతాడు, అటు వస్తాడు, వాకిలి దాటడు, తన ఒంటిమీద గుడ్డ లేదు గానీ ఊరికంతా గుడ్డ ఇస్తాడు, ఎవడు వాడు అని దాని అర్థం. విడుపు, నాడె. మా నేతవాళ్ల పిల్లల కోసం అయ్యోరే కట్టిన పొడుపుకథ అది.

ఏప్రిల్ చివర్లో సభ జరిగింది. బల్లలు కలిపి అరుగు చేశారు, ఇళ్లనుంచి చీరలు తెచ్చి తెరలు కట్టారు. ఆడవాళ్లంతా ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. అవ్వ బడి లోపలికి రావడం అదే మొదటిసారి. నా జోడీ పిల్ల ఎక్కడా తడబడకుండా పద్యం చెప్పి దిగింది. నేను పొడుపుకథ అడిగితే నేతవాళ్లందరూ ఒక్క గొంతుతో "నాడె!" అని అరిచారు. అరవ అయ్యోరు తలూపారు.

తరువాత హెడ్మాస్టరు లేచి ఆ ఏడాది సంగతులు చదివారు. ఎవరు పాసయ్యారో, ఎవరు ఫస్టొచ్చారో, బడికి చేతిపంపు ఎట్లా వచ్చిందో చెప్పారు. ఆఖరున ఒక కాగితం తీసి, గొంతు తగ్గించి, జూన్ నుంచి అరవ సెక్షను ఉండదని పైనుంచి ఉత్తర్వు వచ్చిందన్నారు. పిల్లలు తెలుగు సెక్షనులో చేరవచ్చు. అయ్యోరిని వేరే ఊరికి మారుస్తారు.

 నేను అరవ అయ్యోరి వైపు చూశాను. ఆయన చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూస్తున్నారు. ఫిబ్రవరిలో మా తరగతికి వచ్చి మొదటి అక్షరం రాసిన రోజుకే ఆయనకు ఈ సంగతి తెలుసని తరువాత నాయన చెప్పాడు.

ఆడవాళ్లలోంచి అవ్వ లేచి నిలబడింది.

"అయ్యోరా, ఒక మాట. ఎందుకు మూస్తా ఉండారు?"

"పిల్లకాయలు చాల్లేదంటవ్వా" అన్నారు హెడ్మాస్టరు.

"ఎంతమంది తక్కువైనారు?"

"తొమ్మిదిమంది."

"నన్ను రాసుకోండి. అప్పుడు ఎనిమిదే కదా."

సభంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. నాయన లేచి ఆమెను కూర్చోబెట్టబోయాడు. అవ్వ కూర్చోలేదు. ఆమె పరిహాసానికి అనలేదని ఒక్కొక్కరికే అర్థమై, నవ్వులు ఆగిపోయాయి.

"దానికి వయసుండాదవ్వా" అన్నారు హెడ్మాస్టరు, ఆమె కళ్లలోకి చూడకుండా.

అప్పుడు అరవ అయ్యోరు అరుగు దిగి వచ్చారు. ఆడవాళ్ల చాపల దగ్గర నిలబడి, తనకంటే పదేళ్లు పెద్దదైన ఆమెకు చేతులు జోడించారు. "ఇరవై ఏండ్లుగా ఈడ చదువు చెప్పినానమ్మా. మా బడి కావాలని అడిగింది మీరొక్కరే" అన్నారు. ఆ తరువాత జనగణమన పాడి అందరం ఇళ్లకు పోయాం.

జూన్‌లో ఆ గదికి తాళం పడింది. పదకొండుమందిలో ముగ్గురు అవతలి ఊళ్లలో చుట్టాలిళ్లకు పోయి చేరారు. మిగతావాళ్లు తెలుగు సెక్షనుకు వచ్చారు. నా జోడీ పిల్లకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. తొమ్మిదేళ్ల పిల్ల మోకాళ్లు ముడుచుకుని, తన తమ్ముడి ఈడు పిల్లల మధ్య పలక పట్టుకుని కూర్చుంది. దసరా సెలవులయ్యాక రాలేదు. వాళ్ల వీధిలో కొత్తగా పెట్టిన పవర్‌లూమ్ షెడ్డులో దారం చుట్టే పనికి పెట్టారు.

నేను అప్పటికే నగరి హైస్కూలుకు పోతున్నాను. బస్సుకు ఆ షెడ్డు ముందు నుంచే నడవాలి. ఒకసారి కిటికీలోంచి నన్ను పిలిచింది. మగ్గాల చప్పుడులో కేక వేసి అడగాల్సి వచ్చింది.

"బడికా?"

"ఊ."

"పద్యం ఇంకా గుర్తుండాది నాకు" అంది.

బస్సు వస్తా ఉందని చెప్పి వచ్చేశాను. నేను ఆమె అక్షరాలు ఒక సాయంత్రం చప్పట్ల కోసం నేర్చుకున్నాను. నా అక్షరాలు రాకపోవడం వల్ల ఆమెకు బడే లేకుండా పోయింది. ఆ వయసులో ఇంత స్పష్టంగా తెలియలేదు గానీ, ఆ రోజు నుంచి వెనక వీధి చుట్టి బస్సుకు పోయేదాన్ని.

ఆ ఏడాది చివర్లో అవ్వ పేరిట ఒక కార్డు వచ్చింది. ఆమె పేరు మీద ఉత్తరం రావడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. అరవ అయ్యోరు రాసింది. ఏ ఊళ్లో పనిచేస్తున్నారో, అక్కడ పిల్లలు ఎట్లా ఉన్నారో రాశారు. అవ్వ రెండు రోజులు కూర్చుని జవాబు రాసింది. ఏం రాసినావని అడిగితే, "ఆడ వానలు పడినాయా అని అడిగినా" అంది. ఏడాదికి రెండో మూడో కార్డులు అట్లా వస్తూ పోతూ ఉండేవి.

నేను ఇంటర్ చదివేటప్పటికి అవ్వ కళ్లకు పొర కమ్మింది. వచ్చిన కార్డులు నేనే చదివి వినిపించేదాన్ని. చాలా అక్షరాలు మరిచిపోయాను. అడ్డుపడిన చోట అక్షరం ఎట్లా ఉందో చెబితే ఆమె అందించేది. ఒకసారి కార్డు మీద చేతిరాత మారింది. అయ్యోరి కూతురు రాసింది. కూడబలుక్కుంటూ చదువుతున్నాను గనుక, మాట పూర్తయ్యేదాకా అది ఏం కబురో నాకే తెలియలేదు. నాకంటే ముందు అవ్వకే తెలిసింది. చాల్లే అన్నట్టు చెయ్యెత్తింది.

పెరట్లోకి గోడ తడుముకుంటూ పోయి, తొట్టిలో చెంబు ముంచి తలమీద నీళ్లు పోసుకుంది. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ఎవరు పోయినారత్తా? మనకేమవుతారు?"

 అవ్వ ఇంకో రెండు చెంబులు పోసుకుని, తడిచీరతోనే అక్కడ నిలబడింది.