చలికి లేవని ముల్లు

మేం కుర్రాళ్ళుగా తిరిగిన కాలంలో జగదల్‌పూర్‌లో ఒక మనిషి పేరు చెడటానికి అతడు పెద్ద తప్పేమీ చేయనక్కరలేదు. సంతలో నలుగురు ఒకే మాటకు నవ్వితే చాలు, ఆ నవ్వు ఏళ్ళ తరబడి బతికేది. ఇప్పటికీ మా ఊరి మెకానిక్కులు ఏ బండిలోనైనా తప్పుడు ఆయిల్ కనబడితే "మిస్త్రీ మామ పోసిండా ఏంది?" అని నవ్వుకుంటారు. ఇరవై ఏళ్ళకు పైగా నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. అందరికంటే కాస్త గట్టిగానే నవ్వి ఉంటాను. అందుకే ఈ ముక్క రాస్తున్నాను. ఆ ఆయిల్ పోసింది మిస్త్రీ మామ కాదు, నేను.

మిస్త్రీ మామ సొంతూరు తర్లగూడ, బతుకు మాత్రం జగదల్‌పూర్‌లో. ఊళ్ళో సగంమంది ఆయన్ను మామ అనేవాళ్ళు, ఆయనకు మేనల్లుళ్ళు ఎవరూ లేకపోయినా. రేకుల షెడ్డులో లారీలు బాగుచేసేవాడు. స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఏ నూనె పోయాలన్నా ముందు ఒక చుక్క వేళ్ళ మధ్య రుద్ది వాసన చూసేవాడు. "అల్లుడా, వాసన చూడకుండ డబ్బా వంచొద్దు," అని నాకు రోజూ చెప్పేవాడు. నేనేమో ఐటీఐ సర్టిఫికెట్‌తో కొత్తగా పనిలో చేరినవాణ్ణి. డబ్బా మీద అచ్చు వేసి ఉండగా వాసన చూడటమేమిటని నాకు లోపల నవ్వు. (ఆ సర్టిఫికెట్ డీజిల్ ఇంజన్లకు ఇచ్చింది. నా ధీమా మాత్రం అన్ని ఇంజన్లకూ వర్తించేది.)

మామ షెడ్డు నడిచేది ఒక తెలుగు షావుకారు లారీల మీద. ఆయనది ఇప్పపువ్వు, చింతపండు, ఇప్పనూనె వ్యాపారం. ఆయన ఒక పాత జమీందారు ఇంట్లోంచి రెండు సీట్ల, పైకప్పు లేని విలాయతీ స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఒక చేత్తో స్టీరింగ్, మరో చేత్తో గాలికి ఎగిరే తలగుడ్డ పట్టుకుని బజారంతా తిరిగేవాడు. ఆయన భార్య ఒక్కసారే ఎక్కింది. "కూసున్నట్టు లేదు, జారి పడ్డట్టుంది," అని దిగిపోయింది. ఆ కారులో నాకు నచ్చింది ఆయిల్ ప్రెషర్ మీటర్. తెల్లటి బిళ్ళ, నల్లటి ముల్లు. మా లారీల్లో అలాంటి మీటర్లు ఎప్పుడో చచ్చిపోయాయి. ఇది మాత్రం ఇంజన్ స్టార్ట్ కాగానే చటుక్కున లేచి నిలబడేది.

దసరా అయ్యాక ఆ కారుకు ఆయిల్ మార్చమని మామ నన్ను పంపాడు. "కొత్త డబ్బా గోదాములున్నది, తీస్కో," అని షావుకారు మామకు ముందే చెప్పి ఊరెళ్ళాడు, నేను పోసేటప్పుడు చూసినవాళ్ళెవరూ లేరు. గోదాములో చీకటి, కప్పు దాకా ఇప్పపువ్వు బస్తాలు. ఆ ఘాటుకు మనిషి ముక్కు పనిచేయడం మానేస్తుంది. మూలన ఇంజన్ ఆయిల్ డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒకటి తెచ్చి కారులో వంచేశాను. మా వైపు ఊళ్ళవాళ్ళు ఇప్పనూనెను ఖాళీ ఆయిల్ డబ్బాల్లో పోసి, మూతకు గుడ్డ చుట్టి తెచ్చి అమ్ముతారు. నేను తెచ్చిన డబ్బా మూతకూ గుడ్డ ఉంది. కొత్త డబ్బాకు గుడ్డెందుకని నేను ఆలోచించలేదు. ఆ గుడ్డతోనే చేతులు తుడుచుకున్నాను.

ఎండలున్నన్నాళ్ళు ఏ గొడవా లేదు. షావుకారు మాత్రం "ఏందోరా, ఈ కారెక్కితే ఆకలైతది, ఎక్కడ్నో పూరీలు కాల్చినట్టు వాసనొస్తది," అనేవాడు. తర్వాత చలి దిగింది. ఒక పొద్దున కారు స్టార్ట్ చేస్తే ముల్లు సున్నా మీద నుంచి కదల్లేదు. వెంటనే ఆపేసి కబురు పెట్టాడు. మేం వెళ్ళేసరికి ఎండెక్కింది, ముల్లు బుద్ధిగా లేచి నిలబడింది. మర్నాడు పొద్దున మళ్ళీ సున్నా.

మామ తల గోక్కున్నాడు. "ఏ ఇంజనైనా సల్లగున్నప్పుడు ప్రెషర్ ఎక్కువుంటది, వేడెక్కితే దిగుతది. ఇదేంది ఉల్టా?" నేను మీటర్ పైపు విప్పి ఊదాను. లారీ మీటర్ తెచ్చి తగిలించాను. అదీ అదే మాట చెప్పింది. ఆయిల్ పంపు పోయింది, కలకత్తా నుంచి తెప్పించాలని తీర్పు చెప్పాను. మామ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విన్నాడు. "పంపు మంచిగున్నది, బేరింగులు మంచిగున్నయ్. దానికి తాగనీకి ఏం దొర్కుతలేదు. రేపు పొద్దుగాల, స్టార్ట్ చేయకముందే కింద ఆయిలుండే చాంబర్ నట్టు విప్పుదాం."

మర్నాడు మంచు పూర్తిగా విడవకముందే మామ కారు కిందికి దూరి నట్టు విప్పాడు. ఆయిల్ కారలేదు. కాసేపటికి పేరుకున్న నెయ్యిలాంటి ముద్ద ఒకటి మెల్లగా తొంగిచూసింది. మామ వేలితో తీసి వాసన చూశాడు. షావుకారు వంగి తానూ కొంచెం తీసుకుని రుద్దాడు. ఆయన ముఖం ముందు వెలిగింది. "ఇది మన ఇప్పనూనె! సలికి పేరుకున్నది. అసలు సరుకు, ఏం మిలావట్ లేదు!" ఆ వెలుగు అంతలోనే ఆరిపోయింది. "ఎవడు పోసిండురా దీన్ల?"

అప్పుడు నేను చేసిందే ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది. సర్టిఫికెట్ గుర్తొచ్చింది, కొత్తగా దొరికిన ఉద్యోగం గుర్తొచ్చింది. "మామకు ఈమధ్య చూపు ఆనుతలేదు షావుకారూ," అన్నాను. నేను పోయలేదని అనలేదు. (చాలా ఏళ్ళు ఈ తేడాను పట్టుకునే వేలాడాను.)

మామ కారు కింద నుంచే నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత వేళ్ళు తుడుచుకున్నాడు.

"కండ్లు పోతే పోయినయ్, ముక్కేమైందయ్యా మిస్త్రీ?" అన్నాడు షావుకారు. ఆ మాట మధ్యాహ్నానికి బజారు చేరింది, సంతనాటికి ఊరంతా చేరింది. అన్నిటినీ వాసన చూసే మనిషి ఇంజన్‌లో ఇప్పనూనె పోశాడంటే ఎవరికి నవ్వు రాదు? షావుకారు లారీలు వేరే షెడ్డుకు మళ్ళాయి, వాటి వెనకే మిగతావీ. ఎండాకాలం వెళ్ళేలోగా మామ షెడ్డు ఎత్తేసి తర్లగూడ వెళ్ళిపోయాడు. తర్వాత నేను సొంత షెడ్డు పెడితే ఆయన పాత గిరాకీ మెల్లగా నా దగ్గరికే వచ్చింది. కారు మాత్రం బాగయింది. చాంబర్ విప్పి, ఆయిల్ వడపోసే జాలీ కడిగి, సరైన ఆయిల్ పోశాక ముల్లు చలిలోనూ లేచింది. ఆ పని చేసి వెళ్ళింది మామే.

ఎనిమిదేళ్ళ తర్వాత భోపాలపట్నం దాకా పనిమీద వెళ్ళి, తర్లగూడ దాకా బండి పోనిచ్చాను. మామ రోడ్డు పక్కన పంక్చర్లు వేస్తున్నాడు. ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు చూస్తున్నాడు. చూపు శుభ్రంగా ఉంది. ఎదురుగా కూర్చుని, తల వంచుకుని అంతా చెప్పాను.

"ఎరికేరా," అన్నాడు. "నా షెడ్డుల వాసన చూడకుండ డబ్బా వంచేటోడివి నువ్వొక్కడివే."

"మరి ఆరోజు చెప్పలేదేం మామా?"

"నువ్వు జెప్తవని చూసిన. సలికాలమాయె, ఎండకాలమాయె." బుడగ దొరికినచోట సుద్దతో గుర్తు పెట్టాడు. "నువ్వు గూడ ఆ కారు లెక్కనే అల్లుడా. ముల్లు లేవాలంటే బాగ వేడెక్కాలె."

నేను ఏడుస్తూ నవ్వాను. లేస్తుంటే ఆయన ఇంకో మాట అన్నాడు. "నాకు జెప్తే ఏమొస్తది? నాకు ఎరికున్నదే గద. ఎరిక లేనోళ్ళకు జెప్పు."

సరేనన్నాను. ఊరు చేరేసరికి మళ్ళీ చల్లబడిపోయాను. మామ పోయి చాలా ఏళ్ళయింది, షావుకారూ లేడు, కారు ఎవరి ఇంట్లో ఉందో తెలియదు. ఇప్పుడు నా షెడ్డులో సీలు విప్పని డబ్బా అయినా సరే, ఒక చుక్క వేళ్ళ మధ్య రుద్ది వాసన చూడందే పోయను. చూసినవాళ్ళు "ఏందన్నా, అచ్చం మిస్త్రీ మామ లెక్క!" అని నవ్వుతారు. వాళ్ళు తమకు తెలియకుండానే నాకు ఇచ్చిన పెద్ద బిరుదు అది. ఈ కాగితం చదివాక కూడా ఆ మాటే అంటే, ఈసారి నేను కాస్త మెల్లగా నవ్వుతాను.